నిచ్చెన చివరి దీపం

బురా గాలి ఆగిన మూడోనాడు, రియెకా రేవులో,
విరిగిన కడ్డీ ముక్కను నా బల్లమీద పడుకోబెట్టారు.
పసిబిడ్డను తూచినట్టు తూచి రాసుకున్నాను:
పదకొండు కిలోల నాలుగు వందలు.
మిగతా క్రేను ఇంకా నీళ్లలోనే ఉంది,
మెడ విరిగిన కొంగలా అని రాయబోయి
కొట్టేశాను. నా ఉద్యోగంలో పోలికలు పనికిరావు.

విరిగిన చోటుని మేము ముఖం అంటాం.
మెత్తటి కుంచెతో, అసిటోన్‌తో,
ఊపిరి కూడా తగలనీయకుండా తుడుస్తాం.
భూతద్దం కింద, అంచున ఒక చుక్క.
చుక్క చుట్టూ, సముద్రం వెనక్కి తగ్గుతూ
ఇసుకమీద వదిలిన గీతల్లాంటి గీతలు
(ఇది నా పోలిక కాదు, పాఠ్యపుస్తకంలోదే),
వెంట్రుకవాసి ఎడంతో, ఓపిగ్గా.
చివర్లో మాత్రం గరుగ్గా, పంచదారలా మెరిసే వేలెడు జాగా.
ఆ వేలెడే ఆ పూట తెగింది.
తక్కినదంతా తొమ్మిదేళ్లుగా తెగుతూ వస్తోంది.

బీమా కంపెనీ లాయరు వ్లాస్తెలిచ్ రోజూ ఫోన్ చేస్తాడు.
ఆపరేటర్ తాగి ఉన్నాడా?
లేదు.
బరువు ఎక్కువైందా?
ఇరవై రెండు టన్నుల పాలరాయి. ముప్పై దాకా ఎత్తొచ్చు.
మరి కింద నిలబడ్డవాడిదే తప్పని...
కింద నిలబడ్డవాడు నెరీనో బ్లేచిచ్.
కొక్కేనికి తాళ్లు తగిలించే మనిషి.
నిలబడాల్సిన చోటే నిలబడ్డాడు.

చుక్క దగ్గర వేరే లోహం అంటుకుని ఉంది.
బొటనవేలంత అతుకు.
డెబ్బై నాలుగు నాటి నక్షాల్లో లేదు,
మరమ్మతుల పుస్తకంలో లేదు.
శిథిలాల్లో వెతికితే దాని జత దొరికింది:
ఒక ఇనుప పట్టీ, పట్టీకి దీపం.
అద్దం పగల్లేదు.
తీగలు కలిపి చూశాను. వెలిగింది.

మూలకారణం అనే గడిలో రాశాను:
లాగుడు పడే కడ్డీమీద అనుమతి లేని వెల్డింగు.
ఎందుకు పెట్టారో రాయడానికి గడి లేదు.
అయినా త్రసాత్ గుట్ట మెట్లన్నీ ఎక్కి వెళ్లాను,
రిటైరైన వెల్డర్ సిల్వానో ఇంటికి.

బాల్కనీలో వల బాగుచేసుకుంటున్నాడు.
నేనే పెట్టాను, అన్నాడు, ఏమీ దాచుకోకుండా.
జనవరి రాత్రి గ్రీజు పూయడానికి ఎక్కిన కుర్రాడు
చీకట్లో మెట్టు తప్పాడు, మోకాలు పోయింది.
మర్నాడు నెరీనో వచ్చి, అన్నా,
నిచ్చెన చివర ఒక దీపం పెట్టిపెట్టు అన్నాడు.
పావుగంట పని. డబ్బు వద్దంటే
బుట్టెడు అత్తిపళ్లు తెచ్చాడు.

కాస్త ఆగి అడిగాడు:
ఆ తర్వాత ఎవరూ జారలేదు కదా?

జారలేదు, అన్నాను. అది నిజం.
నెరీనో ఎలా పోయాడో ఆయనకి తెలుసు.
ఏ చుక్క దగ్గర మొదలైందో తెలియదు.
ఫైల్లో పేజీ ఉంది, నా నోట్లో మాట లేదు.
ఆయన నా ముఖంలోకి చూశాడు, చాలాసేపు,
నేను ఇనుము ముఖంలోకి చూసినట్టు.
వేసిన ముడి విప్పి, మళ్లీ అదే ముడి వేశాడు.
అప్పుడు, వలలోకే చూస్తూ, మెల్లగా అన్నాడు:
ఒక్కదానికే కాదమ్మా.
బాగుందని అందరూ అడిగారు.

కింద రేవులో మసక పడుతోంది.
బాల్కనీ అంచు పట్టుకుని లెక్కపెట్టాను.
ఆరు.
ఒక్కో క్రేను మెడమీద ఒక్కో పసుపుచుక్క,
ఊగుతూ, తిరుగుతూ, బరువులు ఎత్తుతూ.

డ్యూటీ అధికారి ఫోన్లో ఆవలించాడు.
ఏం చెయ్యమంటారు మేడమ్,
దీపాలు కొండెక్కించమంటారా?

వద్దు.
క్రేన్లు ఆపండి, ఉన్నపళంగా, ఆరూ.
దీపాలు ఉండనివ్వండి.
పైన మనుషులున్నారు,
వాళ్లు దిగాలి.